పిల్లలు హోమ్‌కి వెళ్ళాక అమ్మానాన్నల పక్కన ఎవరుండాలి: కుటుంబ కౌన్సెలర్లకి మార్గదర్శి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక పాపనో బాబునో బాలల సంక్షేమ సమితి ఆర్డర్ మీద హోమ్‌కి పంపారంటే, ఆ రోజు నుంచి ఆ బిడ్డ చుట్టూ చాలామంది ఉంటారు. సూపరింటెండెంట్, సోషల్ వర్కర్, డాక్టరు, టీచరు, జిల్లా బాలల సంరక్షణ యూనిట్ వాళ్ళు. తల్లిదండ్రుల దగ్గర మాత్రం ఎవరూ ఉండరు. "ఆళ్ళ గుంటల్ని గవర్నమెంటోళ్ళు పట్టుకుపోనారట" అని ఊరంతా అంటుంది. అత్తగారు సాధిస్తుంది. చేతిలో చదవడం రాని కాగితం ఒకటి మిగులుతుంది.

ఆ తల్లిదండ్రులతో కూర్చునే కౌన్సెలర్ల కోసం ఇది రాస్తున్నాను. మీరు హింసకి గురైన ఆడవాళ్ళకి సాయం చేసే సఖి సెంటర్‌లో ఉన్నా, సంరక్షణ యూనిట్‌లో ఉన్నా, స్వచ్ఛంద సంస్థలో ఉన్నా, సొంతంగా క్లినిక్ నడుపుతున్నా పని దాదాపు ఒకటే. నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతి కూడా ఒకటే. పిల్లల్ని చూడటానికి రావడం మానేసిన అమ్మానాన్నల్లో చాలామంది, చూసి వెనక్కి రావడం భరించలేక మానేస్తారు. ఫైల్లో మాత్రం "తల్లిదండ్రులకు ఆసక్తి లేదు" అని పడుతుంది. ఆ వాక్యం పడ్డాక బిడ్డ ఇంటికి రావడం చాలా కష్టం. మన పనిలో పెద్ద భాగం ఆ వాక్యం పడకుండా చూడటమే.

మొదటి అడుగు: మీరు ఎవరి మనిషో ముందే చెప్పండి

వాళ్ళ దృష్టిలో మీరూ ఆఫీసు మనిషే. అందుకే మొదటి పది నిమిషాల్లోనే మూడు సంగతులు తేటగా చెప్పాలి. మీకు జీతం ఎవరిస్తారు, మీరు ఏం రాసి ఎవరికి పంపుతారు, ఏ సంగతి దాచలేరు. మూడోది ఎప్పుడూ ఆఖరికి వదిలేయకండి. పిల్లల మీద లైంగిక హింస జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. ప్రాణాపాయం ఉందనిపించినా దాచలేం. ఇది ముందే తెలిస్తే వాళ్ళు కొన్ని మాటలు ఆపుకోవచ్చు. ఆపుకోనివ్వండి. తర్వాత తెలిసి మోసపోయామనుకుంటే ఇక మీ దగ్గరికి రారు.

రిపోర్టు రాసేవాళ్ళు, కౌన్సెలింగ్ చేసేవాళ్ళు వేరువేరుగా ఉంటేనే మంచిది. కొన్ని యూనిట్లలో ఇద్దరూ ఒకరే కావాల్సి వస్తుంది. అలాంటప్పుడు రిపోర్టులో వాళ్ళ గురించి రాసిన వాక్యాలు పంపేముందు వాళ్ళకే చదివి వినిపించండి. ఒప్పుకోకపోతే "తల్లి ఇలా అంటోంది" అని వాళ్ళ మాట కూడా పక్కనే రాయండి.

"మీరు" అని పిలవండి. పందొమ్మిదేళ్ళ తల్లి అయినా సరే. స్టేషన్‌లో, ఆసుపత్రిలో, ఆఫీసులో అందరూ "నువ్వు" అనే పిలిచి ఉంటారు. ఇచ్ఛాపురం, మందస, పాతపట్నం వైపు ఒడియా మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి. కొండ ఊళ్ళలో సవర. ఆ ఇంటి పెద్ద పిల్లాడిని దుబాసీగా కూర్చోబెట్టకండి. అమ్మ ఏడుపుని మనకి తెలుగులో చెప్పే భారం పిల్లాడి మీద వేయకూడదు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ నేల మీదే సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. మనం కనీసం ఆ భాష తెలిసిన అంగన్‌వాడీ టీచర్నో ఆశా కార్యకర్తనో, ఆ ఊరు కాని మనిషిని, పక్కన కూర్చోబెట్టుకోవచ్చు.

ఒక హద్దు ఇక్కడే. తల్లిదండ్రుల్లో ఒకరి మీద లైంగిక హింస కేసు ఉంటే, ఈ మార్గదర్శి రెండో మనిషికి మాత్రమే. నిందితుడి మాటలు బిడ్డకి మోయకండి. రాజీ మాట ఎత్తకండి.

రెండో అడుగు: ఆర్డర్ చదవండి, తేదీలు గోడకి అంటించండి

కాగితం అడిగి తీసుకుని, వాళ్ళ ముందే చదివి, వాడుక మాటల్లో చెప్పండి. ఇది 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద నడుస్తుంది. 2021లో చేసిన సవరణలు 2022 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. సంక్షేమ సమితిలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. ఫస్ట్ క్లాస్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్‌కి ఉండే అధికారాలు ఆ బెంచికి ఉంటాయి. "అది కోర్టా, ఆఫీసా?" అని చాలామంది అడుగుతారు. చూడటానికి ఆఫీసులా ఉంటుంది గానీ ఆర్డర్ కోర్టు ఆర్డర్ లాగే పనిచేస్తుందని చెప్పండి.

వాళ్ళకి రాసివ్వాల్సిన గడువులు ఇవి. బిడ్డని తీసుకెళ్ళిన 24 గంటల్లోగా, ప్రయాణ సమయం పోగా, సమితి ముందు హాజరుపరచాలి. సామాజిక దర్యాప్తు నివేదిక, అంటే ఇంటి పరిస్థితులు కనుక్కుని రాసే రిపోర్టు, 15 రోజుల్లో రావాలి. బిడ్డని మొదట హాజరుపరచిన రోజు నుంచి 4 నెలల్లో విచారణ ముగియాలి. ఆర్డర్ నచ్చకపోతే 30 రోజుల్లోగా బాలల కోర్టుకి అప్పీలు వేసుకోవచ్చు. లాయరుకి డబ్బు లేదని ఆగిపోనక్కర్లేదు. ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేసినా చెబుతారు.

ఆరేళ్ళ లోపు బిడ్డ శిశుగృహలో, అంటే చిన్న పిల్లల హోమ్‌లో, ఉంటే ఈ అడుగులో ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి. వదిలేసిన బిడ్డ అని విచారణలో తేలితే, రెండేళ్ళ లోపు పిల్లల్ని 2 నెలల్లో, అంతకంటే పెద్దవాళ్ళని 4 నెలల్లో దత్తతకి అర్హులని ప్రకటించే వీలుంది. సిగ్గుతో ఇంట్లో కూర్చున్న తల్లికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. తనంతట తానే బిడ్డని అప్పగిస్తూ సంతకం పెట్టిన తల్లికి కూడా మనసు మార్చుకోవడానికి 2 నెలల గడువు ఉంటుంది. ఆ రెండు నెలల్లో ఆమెతో ఎవరైనా కూర్చున్నారా లేదా అన్నదే ముఖ్యం.

ఇంకో చిక్కు మన జిల్లాలది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పార్వతీపురం, సాలూరు, పాలకొండ, సీతంపేట వైపు ఊళ్ళు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వస్తాయి. రాజాం విజయనగరం వైపు వచ్చింది. పాత అలవాటు కొద్దీ శ్రీకాకుళం వెళ్ళి, అక్కడ కాదంటే ఉసూరుమని ఇంటికి వెళ్ళిపోయే కుటుంబాలున్నాయి. ఏ సమితి ఆర్డర్ ఇచ్చిందో, బిడ్డ ఏ జిల్లా హోమ్‌లో ఉందో ముందు మీరే ఫోన్ చేసి కనుక్కోండి.

వీటితో పాటు చట్టంలోని ఒక మాట వాళ్ళకి చదివి వినిపించండి. పిల్లల్ని సంస్థలో ఉంచడం ఆఖరి మార్గం అని సెక్షన్ 3 చెబుతుంది. బిడ్డని తిరిగి కుటుంబానికి చేర్చడమే హోమ్‌ల ప్రధాన లక్ష్యం అని సెక్షన్ 40 చెబుతుంది. "అంటే మళ్ళీ ఇస్తారా అమ్మా?" అని అప్పుడు అడుగుతారు. ఇస్తారని మాటివ్వకండి. "ఇవ్వడానికే చూడాలని చట్టంలో ఉంది. ఏం మారితే ఇస్తారో మనం కూర్చుని చూద్దాం" అనండి.

మూడో అడుగు: ముందు దుఃఖం, తర్వాతే తప్పొప్పులు

అమెరికాలో కుటుంబ చికిత్స చేసే పౌలిన్ బాస్ అనే ఆవిడ, మనిషి బతికే ఉండి దగ్గర లేకపోవడం వల్ల వచ్చే దుఃఖం గురించి 1970ల నుంచి పనిచేశారు. చావు అయితే పదకొండో రోజో పన్నెండో రోజో చేస్తారు, చుట్టాలొస్తారు, ఏడవడానికి ఒక చోటు ఉంటుంది. హోమ్‌కి వెళ్ళిన బిడ్డ కోసం ఎవరూ పలకరించడానికి రారు. పైగా "నీ తప్పే కదా" అంటారు. అందుకే ఆ దుఃఖం కోపంగానో తాగుడుగానో మొద్దుబారిన మొహంగానో బయటికి వస్తుంది. ఆ మొద్దుబారిన మొహం చూసే దర్యాప్తు చేసే మనిషి "తల్లిలో బాధ కనిపించలేదు" అని రాసుకుంటారు.

మొదటి రెండు మూడు సార్లు కేసు గురించి అడగకండి. బిడ్డ గురించి అడగండి. ఒక అమ్మ ప్రతిసారీ కూతురి స్కూలు సంచీ పట్టుకుని వచ్చేది. మాట్లాడేది కాదు, జిప్పు తీసి మళ్ళీ వేసేది. "సంచీలో ఏమున్నాయో చూపిస్తారా అమ్మా" అని అడిగితే ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. అట్ట ఊడిన తెలుగు వాచకం, కొరికేసిన పెన్సిలు, ఒక రిబ్బను, చింతపిక్కలు నాలుగు. చింతపిక్కల దగ్గర నోరు విప్పింది. "అది నన్ను ఓడించీసేదమ్మా" అంది. ఆ రోజు గంట సేపు మాట్లాడింది. హోమ్ వాళ్ళని అడిగి ఆ సంచీ పాపకి పంపించాం. అంతకుముందు ఆ ఫైల్లో ఆవిడ గురించి ఉన్నది "సహకరించుట లేదు" అన్న రెండు మాటలే.

అడగాల్సినవి అడగండి. తిండి, నిద్ర, చనిపోవాలన్న ఆలోచన. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, లోపల ఉన్నది బయటికి వస్తుంది. మానసిక బాధల్లో ఫోన్లోనే సాయం చేసే టెలీ మానస్ 14416 నంబర్ వాళ్ళ ఫోన్లో సేవ్ చేసి, ఒకసారి మీ ముందే చేయించండి. పాలు తాగే బిడ్డని తీసుకెళ్ళి ఉంటే తల్లికి రొమ్ములు గట్టిపడి జ్వరం రావచ్చు. సిగ్గుతో చెప్పదు. మీరే అడిగి ఏఎన్ఎం దగ్గరికి పంపండి. ఇంట్లో మిగిలిన పిల్లల్ని కూడా మర్చిపోకూడదు. తర్వాత తమనే తీసుకుపోతారని వాళ్ళు రాత్రిళ్ళు నిద్రపోరు.

"అక్కడ తిండి బాగా పెడతారులే" అనే మాట మాత్రం ఎవరూ అనొద్దు. నిజమే కావచ్చు. వినే తండ్రికి మాత్రం నువ్వు పెట్టలేకపోయావని వినిపిస్తుంది.

నాలుగో అడుగు: ఏం జరిగిందో ఒక చార్టు మీదకి తీసుకురండి

పడమటి ఆస్ట్రేలియాలో 1990లలో ఆండ్రూ టర్నెల్, స్టీవ్ ఎడ్వర్డ్స్ ఒక పద్ధతి తయారుచేశారు. అందులో మూడు ప్రశ్నలు మన దగ్గర బాగా పనికొస్తాయి. మనకి భయం కలిగిస్తున్నదేమిటి? ఇప్పటికే బాగున్నదేమిటి? ఇంకా ఏం జరగాలి? ఒక పెద్ద చార్టు కాగితం మీద మూడు గళ్ళు గీసి, వాళ్ళ మాటల్లోనే నింపండి. చదువు రాని వాళ్ళయితే బొమ్మలు వేయండి.

భయాల గడిలో "నిర్లక్ష్యం" లాంటి మాటలు రాయకండి. "రాత్రి పూట ఆరేళ్ళ పాప ఒక్కతే ఇంట్లో పడుకుంది" అని రాయండి. నిర్లక్ష్యాన్ని ఎవరూ సరిచేయలేరు. రాత్రి పాప పక్కన ఎవరు పడుకుంటారన్నది సరిచేయవచ్చు.

మన ప్రాంతంలో ఇళ్ళ వెనక కథలు ఎక్కువగా కొన్ని దారుల్లోనే వెళ్తాయి.

వలస. చెన్నై, హైదరాబాద్, విజయవాడలో బిల్డింగ్ పనులు, గుజరాత్ వేరావల్‌లో చేపల బోట్లు. పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉంటారు. అమ్మమ్మ మంచాన పడితే పిల్లాడు పలాస స్టేషన్‌లోనో ఆమదాలవలస స్టేషన్‌లోనో రైల్వే పోలీసులకి దొరుకుతాడు. ఇక్కడ ప్రేమ లేకపోవడం అనే ప్రశ్నే లేదు. ఎవరు చూసుకుంటారన్న ఏర్పాటు కూలిపోయింది. కొత్త ఏర్పాటు చూపిస్తే చాలావరకు దారి దొరుకుతుంది. ఆ ఏర్పాటులో ఒకరు కాదు, ఇద్దరు పెద్దల పేర్లు ఉండాలి. ఒకరికి ఒంట్లో బాగోకపోతే రెండోవాళ్ళు చూసుకునేలా.

ఉద్దానం కిడ్నీ జబ్బు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస వైపు ఇళ్ళలో ఇది ఎంతగా పెనవేసుకుపోయిందో మీకు చెప్పక్కర్లేదు. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కి పోయే తండ్రి, అతన్ని తీసుకెళ్ళే తల్లి, మధ్యలో బడి మానేసి జీడిపప్పు పనికి పోయే పిల్ల. ఈ ఇంటికి కౌన్సెలింగ్ కంటే ముందు పింఛను కాగితాలు, బిడ్డకి నెలనెలా ప్రభుత్వం ఇచ్చే స్పాన్సర్‌షిప్ కావాలి. డయాలసిస్ రోగులకి నెలకి 10,000 రూపాయల పింఛను ఉంది. వస్తోందో లేదో సచివాలయంలో అడగండి. తండ్రితో మాట్లాడేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. "నేను పోతే దానికి అక్కడే నయం కదా" అనే లెక్క అతని మనసులో నడుస్తూ ఉంటుంది. దాన్ని బయటికి అనిపించాలి.

తాగుడు. "ఇక తాగను" అని ఒట్టేయించుకోకండి. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. మాన్పించాలంటే ఆసుపత్రి ద్వారానే. ప్లాన్‌లో రాయాల్సింది బిడ్డ భద్రత. తండ్రి తాగి వచ్చిన రాత్రి పిల్లలు ఏ ఇంట్లో పడుకుంటారు, ఆ ఇంటివాళ్ళు ఒప్పుకున్నారా, వాళ్ళ ఫోన్ నంబరు ఏది.

మానసిక జబ్బు. ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ళ లోపు బిడ్డని మామూలుగా విడదీయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతుంది. ఇది ఆసుపత్రి వాళ్ళలోనే చాలామందికి గుర్తుండదు. విశాఖపట్నం మానసిక ఆసుపత్రికి రాసేటప్పుడు మీ ఉత్తరంలో ఆ సంగతి చేర్చండి.

భర్త కొట్టడం. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టకండి. విడివిడిగా, వేరే రోజుల్లో కలవండి. 2005 గృహ హింస చట్టం కింద రక్షణ అధికారి దగ్గరికి, మహిళా హెల్ప్‌లైన్ 181కి దారి చూపండి. "పిల్లల కోసం సర్దుకో తల్లీ" అనే మాట ఈ వృత్తిలో ఉన్న మన నోట ఇంకా వినపడటం నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఆ ఇంట్లో సర్దుకుంటూ ఉన్నందుకే పిల్లల్ని తీసుకెళ్ళారు.

ఐదో అడుగు: విజిట్. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

నియమాల ప్రకారం తల్లిదండ్రులు నెలకోసారి పిల్లల్ని చూడవచ్చు. ప్రత్యేక పరిస్థితుల్లో అంతకంటే ఎక్కువ సార్లు అనుమతించే అధికారం హోమ్ సూపరింటెండెంట్‌కి ఉంది. అడగండి, కాగితం మీద అడగండి. చిన్న పిల్లలకి నెల అంటే చాలా ఎక్కువ.

ఇచ్ఛాపురం దగ్గరి ఊరి నుంచి శ్రీకాకుళం రావాలంటే వంద కిలోమీటర్ల పైమాటే. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి తల్లి ఛార్జీ మిగిలింది. తండ్రి ఛార్జీ, ఇద్దరి కూలీ మాత్రం పోతాయి. అందుకే తేదీని పని లేని రోజు చూసి పెట్టించండి. క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గీసి ఇంటికి ఇవ్వండి. చెన్నైలో ఉన్న తండ్రికి వీడియో కాల్ ఏర్పాటు చేయమని హోమ్‌ని అడగండి.

ముందు రోజు ఫోన్లోనో, కుదిరితే ఎదురుగానో మూడు ఘట్టాలు రిహార్సల్ చేయించండి. మొదటిది, బిడ్డ గదిలోకి వచ్చిన క్షణం. పరుగెత్తుకుని వస్తుందనుకుంటారు. రాకపోవచ్చు. ఆయా కొంగు పట్టుకుని నిలబడవచ్చు, మొహం తిప్పేయవచ్చు. అది అలక, భయం. మర్చిపోవడం కాదు. అమ్మ అప్పుడు నేల మీద కూర్చుని, చేతులు చాపకుండా, మామూలు మాట ఏదైనా అనాలి. "మన నల్లావు ఈనింది, దూడకి నువ్వే పేరు పెట్టాలి" లాంటిది. ఇంటి కబురు బిడ్డని దగ్గరికి తెస్తుంది.

రెండోది, "నన్నెప్పుడు తీసుకెళ్తావు?" అన్న ప్రశ్న. ఏ తల్లికైనా "బేగి తీసుకెళ్తాను, వచ్చే వారమే" అని నోటి దాకా వస్తుంది. ఆ వారం గడిచాక బిడ్డ ఎవరి మాటా నమ్మదు. ఈ మాటలు నేర్పండి. "నిన్ను ఇంటికి తెచ్చుకోడానికే తిరుగుతున్నాను. ఏ రోజో నాకింకా తెలీదు. రెండో శనివారం మాత్రం తప్పకుండా వస్తాను." మూడు సార్లు బయటికి అనిపించండి. మొదటిసారి ఏడుస్తారు, మూడోసారికి నోరు తిరుగుతుంది.

మూడోది, వెళ్ళిపోయే క్షణం. చెప్పకుండా వెళ్ళిపోకూడదు. ఏడుస్తుందని బిడ్డని ఆటలో పెట్టి జారుకోమని హోమ్‌లో ఎవరైనా సలహా ఇస్తే మర్యాదగా వద్దనండి. పది నిమిషాల ముందు చెప్పాలి, మళ్ళీ వచ్చే రోజు చెప్పాలి, ఏదో ఒక వస్తువు ఇచ్చి రావాలి. రుమాలు చాలు.

తర్వాత అరగంట మీరు వాళ్ళతో ఉండాలి. గేటు బయటి నుంచి నేరుగా బస్టాండుకి పంపకండి. గేటు దగ్గర కాళ్ళు పట్టుకుని ఏడ్చిన బిడ్డని విడిపించుకుని వచ్చిన తండ్రి ఆ దారిలో సారా కొట్టు దాటి వెళ్ళలేడు. రావడం మానేసేది కూడా ఆ సాయంత్రమే మొదలవుతుంది. టీ తాగుతూ "ఈరోజు ఏది బాగా జరిగింది?" అని అడగండి. ఒక్క సంగతైనా దొరుకుతుంది. దాన్ని మీ నోట్సులో తేదీ వేసి రాయండి. సమితికి పంపే ఉత్తరంలో పనికొస్తుంది.

హోమ్ సిబ్బందితోనూ మాట్లాడాలి. అమ్మ వచ్చి వెళ్ళాక బిడ్డ రెండు రోజులు డల్‌గా ఉంటుంది, పక్క తడుపుతుంది, గొడవ చేస్తుంది. దాన్ని చూసి "వీళ్ళు రాకపోతేనే నయం" అనుకోవడం సహజం. ఏడుపు ఆ బంధం ఉందనడానికి గుర్తు అని ఓపిగ్గా చెప్పండి.

ఒక తేదీ తప్పితే అదే రోజు ఫోన్ చేయండి. తప్పు పట్టే గొంతుతో వద్దు. కారణం కనుక్కుని, అదే వారంలో రెండు వాక్యాలు రాసి పంపండి. "తల్లికి జ్వరం వల్ల రాలేకపోయింది, 14వ తేదీన రావడానికి అనుమతి కోరుతోంది." ఫైల్లో ఖాళీ ఉంటే ఆ ఖాళీని ఎవరో ఒకరు తమ ఊహతో నింపుతారు.

రెండు చిన్న సంగతులు. బిడ్డ ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం, ఊరి గ్రూపుల్లో "నా కూతుర్ని ఇప్పించండి" అని పోస్టు చేయడం నేరం కిందికి వస్తాయి. బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 కింద 6 నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా ఉండవచ్చు. యూట్యూబ్ ఛానెల్ వాళ్ళు ఇంటికి వస్తే ఏం చెప్పాలో ముందే నేర్పండి. రెండోది, సెక్షన్ 98. ఇంట్లో పెళ్ళి, చావు, తల్లికో తండ్రికో పెద్ద జబ్బు లాంటి సందర్భాల్లో బిడ్డని సాధారణంగా 7 రోజుల దాకా ఇంటికి పంపే వీలు సమితికి ఉంది. చాలామంది అడగరు, ఎందుకంటే అడగవచ్చని తెలీదు.

ఆరో అడుగు: డబ్బు, కాగితాలు

ఇది కౌన్సెలర్ పని కాదనే వాళ్ళతో నేను ఒప్పుకోను. పిల్లల సంరక్షణ కోసం ఉన్న మిషన్ వాత్సల్య పథకం కింద అర్హత ఉన్న బిడ్డకి నెలకి 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ వస్తుంది. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్నాల్లో 96,000 దాటకూడదు. భర్త పోయిన, వదిలేసిన ఆడవాళ్ళ పిల్లలు, ప్రాణాంతక జబ్బుతో ఉన్న తల్లిదండ్రుల పిల్లలు ఇందులోకి వస్తారు. ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, బర్త్ సర్టిఫికెట్, స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా సిద్ధం చేయించి సంరక్షణ యూనిట్‌కి పంపండి. బర్త్ సర్టిఫికెట్ దగ్గరే ఎక్కువ ఆగిపోతుంది, దాంతో మొదలుపెట్టండి. వలస కుటుంబాలకి కస్తూర్బా విద్యాలయం, గురుకులం, ఆశ్రమ పాఠశాల మంచి దారి కావచ్చు. హోమ్‌కీ వాటికీ తేడా తల్లిదండ్రులకి చెప్పండి. అక్కడ చేర్చిన బిడ్డకి వాళ్ళే సంరక్షకులు, సెలవులకి ఇంటికి వస్తుంది.

ఏడో అడుగు: సమితి ముందు నిలబడటం

చేతులు కట్టుకుని, తలొంచుకుని, అడిగిన ప్రతిదానికీ "అవునండి" అంటారు. అవును అనకూడని దానికీ అంటారు. ముందు రోజు మీరు సభ్యుల్లా ప్రశ్నలడిగి అలవాటు చేయండి. అర్థం కాకపోతే "మళ్ళీ చెప్పండమ్మా" అనవచ్చని, టెన్షన్‌గా ఉంటే కూర్చోవడానికి అడగవచ్చని చెప్పండి. నాలుగో అడుగులో చేసిన చార్టుని ఒక పేజీకి కుదించి చేతికివ్వండి. అప్పుడేం జరిగింది, ఇప్పుడేం మారింది, రాత్రి ఎవరుంటారు, బడి ఏది, సాయం చేసే ఇద్దరి పేర్లు. మీరు రాసే ఉత్తరంలోనూ "చాలా మంచి తల్లి" లాంటి మాటలు వద్దు. ఎన్ని విజిట్లకి వచ్చింది, ఏ తేదీల్లో వచ్చింది, ఏం చేసింది, అంతే. బిడ్డ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికలో తల్లిదండ్రుల వంతు ఏమిటో రాయమని కోరండి.

ఎనిమిదో అడుగు: ఇంటికి వచ్చాక

అందరూ ఇక పని అయిపోయిందనుకుంటారు. అసలు కష్టం మొదటి పండగలాంటి వారం దాటాక వస్తుంది. అన్నం దిండు కింద దాస్తుంది. "హోమ్‌లో అయితే రోజూ గుడ్డు పెట్టేవారు" అంటుంది. చిన్న మాటకి "మళ్ళీ అక్కడికే పోతాను" అంటుంది. ఒక దెబ్బ వేస్తే మళ్ళీ తీసుకుపోతారేమోనన్న భయంతో తల్లి ఏమీ అనదు, తండ్రి ఇల్లు వదిలి తిరుగుతాడు. కొట్టకుండా, వదిలేయకుండా ఎలా చెప్పాలో ఇప్పుడు నేర్పాలి. మొదటి రెండు నెలలు వారానికోసారైనా కలవండి. బడిలో టీచరుతో ఒక మాట చెప్పండి, "హోమ్ నుంచి వచ్చిన పిల్ల" అని పిలవకుండా. అధికారులు ఇంటికి వచ్చే రోజు ముందే తెలిస్తే, ఆ రోజు మీరూ ఉండండి. గుమ్మం ముందు జీపు ఆగితే ఆ ఇంట్లో అందరికీ పాత రోజే గుర్తొస్తుంది.

తొమ్మిదో అడుగు: రాకపోతే

కొందరు పిల్లలు తిరిగి రారు. మేనత్త దగ్గరికో, కొంతకాలం పెంచే ఫోస్టర్ ఇంటికో, దత్తతకో వెళ్తారు. పెద్దయ్యే దాకా హోమ్‌లోనే ఉండే వాళ్ళూ ఉంటారు. ఆర్డర్ వచ్చిన రోజు తల్లిదండ్రులకి వార్త చెప్పేది మీరే అయితే మంచిది, ఫోన్లో కాదు. అప్పీలు గడువు ఆ రోజే చెప్పండి. ఆ తర్వాత మళ్ళీ దుఃఖం దగ్గరికి, మూడో అడుగుకి వెళ్ళాలి.

బిడ్డకి చట్టపరంగా దూరమైనా వాళ్ళు ఇవ్వగలిగినవి ఉన్నాయి. పుట్టినప్పటి సంగతులు, ఇంటి జబ్బుల వివరాలు, తాతముత్తాతల పేర్లు, ఒక ఫోటో, ఎందుకు పెంచలేకపోయారో నిజాయితీగా చెప్పే ఉత్తరం. రాయడం రాకపోతే మీరు రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించండి. ఫైల్లో పెట్టమని సమితిని కోరండి. హోమ్‌లోనే ఉన్న బిడ్డకైతే విజిట్లు ఆగకూడదు. 18 నిండి బయటికి వచ్చాక 21 ఏళ్ళ దాకా ఆఫ్టర్ కేర్, అంటే సొంతంగా నిలబడటానికి ఇచ్చే సాయం, ఉంటుంది. ఆ వయసులో చాలామంది ముందు వెతికేది అమ్మ ఊరినే.

ఇంకొకటి. బిడ్డని పోగొట్టుకున్న తల్లి తరచుగా ఏడాది రెండేళ్ళలో మళ్ళీ నీళ్ళోసుకుంటుంది. పాత ఫైలు గుర్తొచ్చి ఆసుపత్రికి పోదు, ఎవరికీ చెప్పదు. నొప్పులొచ్చాక వస్తే, ప్రసవ వార్డు నుంచే సంరక్షణ యూనిట్‌కి కబురు వెళ్తుంది. అందుకే కేసు మూసేటప్పుడే ఆమెతో అనండి: నెల తప్పిన రోజే నాకు ఫోన్ చేయండి. మూడో నెల లోపే ఆశా కార్యకర్తతో పేరు రాయించి, నాలుగో అడుగులోని చార్టుని మళ్ళీ తీసి, పుట్టబోయే బిడ్డ కోసం కొత్తగా నింపండి. కాన్పుకి రెండు నెలల ముందే దాని నకలు ఒకటి సంరక్షణ యూనిట్‌కి ఆమె చేతే ఇప్పించండి.